ఆర్కిడ్ కుండీలో మట్టి, మన మాటలో వ్యాకరణం: కొన్ని అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో ఆదివారం ఉదయం మా మేడ మీద ఏడెనిమిది మందిమి కలుస్తాం. అందరం ఆర్కిడ్లు పెంచేవాళ్లమే. ఒకరు బ్యాంకులో పనిచేస్తారు, ఒకరు మందుల దుకాణం నడుపుతారు, ఇద్దరు ఇంటిపట్టున ఉండేవాళ్లు, ఒకాయన కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పాను. మా మాటలు ఎప్పుడూ కుండీలో ఏం వేయాలన్న దగ్గర మొదలై, ఏ మాట ఎలా వాడాలన్న దగ్గరికి చేరుకుంటాయి. "మొక్కకు వ్యాకరణంతో పనేమిటి సార్?" అని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతారు. చాలా పని ఉంది. పదిహేనేళ్లలో నా చేతుల్లో పోయిన మొక్కల్లో సగం ఒక మాటను తప్పుగా అర్థం చేసుకోవడం వల్లే పోయాయి. ఈ అపోహల్లో చాలా వాటికి మూలం మాటలోనే ఉంది.

అపోహ: ఆర్కిడ్ బదనిక జాతి. అది ఎక్కిన చెట్టు ఎండిపోతుంది.

ఇది పూర్తిగా పేరు వల్ల వచ్చిన అపోహ. మన పల్లెల్లో చెట్టు కొమ్మ మీద మొలిచిన పరాయి మొక్క ఏదైనా సరే, బదనిక అనేస్తారు. అసలు బదనిక వేరు. మామిడి తోటల్లో కనిపించే ఆ బదనిక గింజను పక్షులు కొమ్మకు అంటిస్తాయి. అది మొలిచి కొమ్మ లోపలికి చొచ్చుకుపోయి, చెట్టు తెచ్చుకున్న నీటిని, లవణాలను గుంజుకుంటుంది. అతుకు దగ్గర కొమ్మ ఉబ్బి ఉంటుంది. ఆర్కిడ్ వేరు అలా లోపలికి పోదు, బెరడు మీద పాకుతుంది. జాగ్రత్తగా లేపితే ఊడి వస్తుంది, కింద బెరడు చెక్కుచెదరకుండా ఉంటుంది. చెట్టు దానికి నిలబడే చోటు మాత్రమే ఇస్తుంది.

ఈ గందరగోళం మన పల్లెల్లో పుట్టింది కాదు, చాలా పాతది. మన అడవుల్లో ఇప్ప, మామిడి చెట్ల మీద పెరిగే ఆర్కిడ్‌ను శాస్త్రంలో వాండా టెస్సెల్లాటా అంటారు. ఆ వాండా మన వందానే. సంస్కృతంలోని ఈ మాటను సంస్కృత పండితుడు విలియం జోన్స్ తీసుకుని ప్రజాతికి, అంటే దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపుకు, పేరుగా పెట్టాడు. పాత సంస్కృత నిఘంటువుల్లో వందాకు వృక్షాదని, వృక్షరుహ అనే పర్యాయపదాలు పక్కపక్కనే కనిపిస్తాయి. వృక్షాదని అంటే చెట్టును తినేది. వృక్షరుహ అంటే చెట్టు మీద పెరిగేది. ఒకటి బదనికకు సరిపోతుంది, రెండోది ఆర్కిడ్‌కు. రెండింటినీ ఒక్క మాట కింద చేర్చడంతో చేయని నేరం ఆర్కిడ్ మీద పడింది. పల్లెలో మా బంధువుల తోటలో ఒక పెద్దాయన మామిడి కొమ్మ మీది వందాను కొడవలితో గీకేస్తుంటే ఆపి, పక్క కొమ్మ మీది అసలు బదనికను చూపించాను. రెండు అతుకులూ వేలితో తడిమి చూశాక కొడవలి పక్కన పెట్టారు.

అపోహ: ఆర్కిడ్ కూడా మొక్కే కదా, మంచి ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నాటితే చాలు.

నా మొదటి మొక్కను నేను అలాగే నాటాను. చెట్ల మీద పెరిగే ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ రకం అది. ఆషాఢంలో నాలుగు రోజులు ముసురు పట్టేసరికి ఆకులు పసుపెక్కాయి. తీసి చూస్తే ఒక్క వేరు కూడా గట్టిగా లేదు, పట్టుకుంటే పొర ఊడి దారం మిగిలింది.

చెట్టు మీది ఆర్కిడ్ వేరుకు వెలామెన్ అనే పొర ఉంటుంది. చచ్చిన కణాలతో ఏర్పడిన స్పాంజి అది. వాన చినుకు పడగానే నీటిని పీల్చి పట్టుకుంటుంది, ఆపైన గాలికి ఆరుతుంది. ఎండినప్పుడు వేరు వెండిరంగులో, తడిసినప్పుడు ఆకుపచ్చగా కనిపించడానికి కారణం ఇదే. ఈ తడవడం, ఆరడం రెండూ జరగాలి. మట్టిలో ఆరడం అనేది ఉండదు, రేణువుల మధ్య గాలి నిలవదు. వేరుకు ఊపిరాడక కుళ్లుతుంది.

ఇక్కడే మాట గొడవ. ఇతర భాషల నుంచి తెలుగులోకి వచ్చిన సూచనల్లో "ఆర్కిడ్‌కు తేమ ఎక్కువ కావాలి" అని ఉంటుంది. చదివినవాళ్లు కుండీని తడిగా ఉంచుతారు. తేమ గాలిలో ఉండేది. చెమ్మ వేరు చుట్టూ తగిలీ తగలనట్టు ఉండేది. తడి నీళ్లు పోసిన వెంటనే ఉండేది. అడుగున నిలిచేది నీరు. తెలుగులో నాలుగు మాటలు విడివిడిగా ఉన్నాయి, ఆర్కిడ్‌కు ఈ నాలుగింటి తేడాయే ప్రాణం. గాలిలో తేమ కావాలి. వేరుకు తడి వచ్చి పోవాలి, మధ్యలో కాస్త చెమ్మ ఉండాలి. నీరు అసలు నిలవకూడదు. మా బృందంలో ఎవరైనా "తేమ" అని ఊరుకుంటే, ఎక్కడి తేమ అని వెంటనే అడుగుతాం.

నేను ఇప్పుడు ఫెలనాప్సిస్‌కు వాడే మిశ్రమం ఇది: కొబ్బరి డొక్క ముక్కలు రెండు పాళ్లు, కట్టె బొగ్గు ఒక పాలు, పగిలిన గూన పెంకుల ముక్కలు ఒక పాలు. పాత ఇళ్లు పడగొట్టేచోట గూన పెంకులు అడిగితే ఊరికే ఇస్తారు. సన్న రంధ్రాలున్న కాల్చిన మట్టి కాబట్టి అవి కాస్త నీటిని పట్టి, మెల్లగా వదులుతాయి. మన దగ్గర ఎక్కడ చూసినా దొరికే గ్రానైట్ కంకర ఆ పని చేయదు. నీటిని పట్టదు, బరువు, ఎండకు కాగుతుంది. డొక్క ముక్కల్లో సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. రోజూ నీళ్లు మారుస్తూ మూడు రోజులు నానబెట్టిన తరువాతే వాడాలి. కొత్తవాళ్లు ఈ పని వదిలేస్తారు. ఆ తరువాత వేరు కొసలు నల్లబడితే బొగ్గును తప్పుపడతారు.

డెండ్రోబియమ్ అనే ఇంకో ఆర్కిడ్ రకానికి డొక్క తగ్గించి బొగ్గు, పెంకు పెంచుతాను, కుండీ కూడా ఇరుకుగా ఉండేది చూస్తాను. వాండాకు మిశ్రమమే లేదు. చెక్క బుట్టలో వేళ్లు గాలిలోకి వేలాడుతుంటాయి. ఎండాకాలంలో రోజుకు రెండు పూటలు తడుపుతాను.

అయితే "ఏ ఆర్కిడ్‌కూ మట్టి పనికిరాదు" అనడం కూడా తప్పే. నర్సరీల్లో గ్రౌండ్ ఆర్కిడ్ పేరుతో అమ్మే స్పాథోగ్లాటిస్ నేల మీద పెరిగేదే. నీరు ఇంకిపోయే మట్టిలో, కొంత ఇసుక, ఆకు ఎరువు కలిపితే చక్కగా పెరుగుతుంది. మన అడవుల్లో యూలోఫియా, హాబెనేరియా లాంటి నేల ఆర్కిడ్లు వానాకాలంలో ఆకు తొడిగి, ఎండాకాలమంతా దుంప రూపంలో మట్టిలో నిద్రపోతాయి. అసలు ఆర్కిడ్ అనే మాట పుట్టిందే ఇలాంటి నేల ఆర్కిడ్ల దుంపల నుంచి. జంటగా ఉండే దుంపలను చూసి గ్రీకులు వృషణం అనే అర్థంలో ఆర్కిస్ అన్నారు. ఆ మాటే మొత్తం కుటుంబానికి పేరైంది.

అపోహ: వారానికి ఒకసారి నీళ్లు పోయాలి.

వాక్యం చూడండి. ఇది ఆజ్ఞ, విధ్యర్థకం. మొక్కల పెంపకంలో విధ్యర్థకం కంటే ప్రమాదకరమైన క్రియారూపం నాకు ఇంకొకటి కనిపించలేదు. ఆర్కిడ్‌కు కావలసింది చేదర్థకం: వేళ్లు తెల్లబడితే నీళ్లు పోయాలి. ఆ ఒక్క "-ితే"లో కాలం, గాలి, కుండీ అన్నీ ఇమిడిపోతాయి. ఏప్రిల్‌లో మా మేడ మీద ఫెలనాప్సిస్ వేళ్లు రెండో రోజుకే తెల్లబడతాయి. ఆగస్టు ముసురులో ఎనిమిది రోజులైనా పచ్చగానే ఉంటాయి. వారం అనే లెక్క ఏప్రిల్‌లో మొక్కను ఎండబెడుతుంది, ఆగస్టులో కుళ్లబెడుతుంది.

వారానికి మూడు ఐస్ ముక్కలు పెడితే చాలన్న సలహా కూడా ఈ కోవలోదే. బెరడు ముక్కల్లో పెంచిన ఫెలనాప్సిస్ మీద అమెరికాలో దీన్ని పరీక్షించి చూశారు, హాని ఏమీ కనిపించలేదు. కానీ అది ఇంటి లోపల, చల్లని గదిలో మాట. మన ఎండకు ఆ మూడు ముక్కల నీళ్లు ఏ మూలకూ చాలవు.

అపోహ: పేరు చివర మారితే మొక్క మారినట్టే.

ఒక మిత్రుడు వాండా టెస్సెల్లాటా అనీ, వాండా రాక్స్‌బర్గై అనీ రెండు మొక్కలు విడివిడిగా కొన్నారు. పూశాక చూస్తే రెండూ ఒకటే. రెండో పేరు అదే మొక్కకు తరువాత పెట్టినది. తెలుగు నేల మీద సామర్లకోటలో ఏళ్ల తరబడి పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరం మొక్కల గురించి రాసిన గ్రంథంలో, 1795లో, ఈ మొక్కను ఎపిడెండ్రమ్ టెస్సెల్లాటమ్ అన్నాడు. తరువాత దాన్ని వాండా ప్రజాతిలోకి మార్చినప్పుడు టెస్సెల్లాటమ్ కాస్తా టెస్సెల్లాటా అయింది. ఎందుకంటే లాటిన్ వ్యాకరణంలో విశేషణం నామవాచకపు లింగాన్ని అనుసరించాలి. ఎపిడెండ్రమ్ నపుంసకలింగం, వాండా స్త్రీలింగం. సంస్కృతంలో సుందరః బాలః, సుందరీ బాలికా, సుందరం పుష్పం అన్నట్టే. తెలుగులో మంచి బాలుడు, మంచి బాలిక, మంచి పువ్వు అని విశేషణం కదలకుండా ఉంటుంది కాబట్టి మనకు ఇది కొత్తగా తోస్తుంది. డెండ్రోబియమ్ నపుంసకలింగం కనుక డెండ్రోబియమ్ నోబిలే అనాలి, నోబిలిస్ కాదు. మా బృందంలో అట్ట ముక్కల మీద నోబిలిస్ అని కనిపిస్తే నేను దిద్దుతాను. మొదట్లో విసుక్కునేవాళ్లు, ఇప్పుడు వాళ్లే దిద్దుతున్నారు.

ఇది ఊరికే పట్టింపు కాదు. పెళ్లి వేదికల మీద కనిపించే ఊదా, తెలుపు డెండ్రోబియమ్ సంకరజాతులు వేడిని తట్టుకుంటాయి, చలికాలంలో కూడా నీళ్లు అడుగుతాయి. నోబిలే చలికాలంలో చల్లని రాత్రులు, తక్కువ నీళ్లు ఉంటేనే పూస్తుంది. అది వరంగల్‌లో కష్టం. అట్ట మీద "డెండ్రోబియమ్" అని మాత్రమే రాసి ఊరుకుంటే రెండింటికీ ఒకే పద్ధతి పాటించి ఒకదాన్ని పోగొట్టుకుంటాం. ఇంకో సంగతి: ఎపిడెండ్రమ్ అంటే చెట్టు మీద, డెండ్రోబియమ్ అంటే చెట్టు మీద బతుకు. పేరును విడదీసి చదివినవాళ్లు దాన్ని మట్టిలో నాటరు.

అపోహ: వరంగల్ ఎండలకు ఆర్కిడ్లు బతకవు, ఊటీ లాంటి చోట్లే పెరుగుతాయి.

ఏటూరునాగారం అడవిలో రోహిణి కార్తెను తట్టుకుని పూసే వందా సంగతి ఏమిటి మరి? అన్ని ఆర్కిడ్లూ ఒకటి కావు. సిక్కిం, డార్జిలింగ్ వైపు పెంచే పెద్ద పూల సింబిడియమ్ సంకరాలు ఇక్కడ కొనకండి, ఆకులు పెరుగుతాయి కానీ పూలకాడ రాదు. వాండా, వేడిని తట్టుకునే డెండ్రోబియమ్ హాయిగా పెరుగుతాయి. ఫెలనాప్సిస్ మధ్యస్థం. రాత్రులు 20 డిగ్రీల దరిదాపుకు దిగే నవంబరు, డిసెంబరు నెలల్లో పూలకాడ మొదలవుతుంది. ఆ చల్లదనమే దానికి సంకేతం.

మనకు అసలు కష్టం పగటి ఎండ కాదు, రాత్రి వేడి. పగటి ఎండకు 75 శాతం నీడ వల వేస్తే చాలు. వాండా, ఫెలనాప్సిస్ పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి ఆమ్లంగా దాచుకుంటాయి. పగలంతా కాగిన మేడ కప్పు రాత్రి దాకా వేడిని కక్కుతుంటే ఆ పని సరిగా సాగదు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మేడ నేల మీద నీళ్లు చల్లి, తడి గోనె సంచులు పరుస్తాను. ఆకుల మీద మాత్రం చల్లను. ఫెలనాప్సిస్ నడి మొవ్వలో రాత్రంతా నీళ్లు నిలిస్తే మొవ్వ కుళ్లుతుంది. ఇంట్లో కూలర్ ఉంటే దాని గాలి దారికి కాస్త పక్కగా కుండీలు పెట్టి చూడండి, తేమ, గాలి కదలిక రెండూ దొరుకుతాయి.

చిన్నవి కొన్ని. బొగ్గు ఎరువు కాదు, గాలి ఆడడానికి మాత్రమే. ఆర్కిడ్ గాలి తిని బతకదు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే 20-20-20 ఎరువు లీటరుకు అర గ్రాము చొప్పున పదిహేను రోజులకు ఒకసారి ఇస్తాను, నెలకు ఒకసారి ఉత్త నీళ్లతో లవణాలు కడిగేస్తాను. మా వీధి బోరు నీటికి కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, అందుకే వాన నీళ్లు పట్టి ఉంచుకుంటాను. బియ్యం కడిగిన నీళ్లు పోయకండి, మిశ్రమం పులిసి దోమలాంటి పురుగులు చేరతాయి.

అపోహ: అడవిలో ఊరికే దొరుకుతుంటే కొనడం ఎందుకు?

మేడారం వెళ్లివచ్చేటప్పుడు దారిలో కొమ్మతో సహా వందాను విరిచి తెచ్చినవాళ్లను చూశాను. నాకు చాలా బాధ కలిగింది. అభయారణ్యంలో అనుమతి లేకుండా మొక్కను తీయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆర్కిడ్ కుటుంబం మొత్తం సైటిస్ ఒప్పందం (ముప్పు ఉన్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసేది) జాబితాల్లో ఉంది. పైగా అలా తెచ్చినవి చాలావరకు బతకవు, విరిగిన వేరు మళ్లీ పట్టుకునేలోగా మొక్క ఎండిపోతుంది. దాని గింజ దుమ్ములా ఉంటుంది, లోపల ఆహారం ఉండదు. సరైన శిలీంధ్రం తోడైతేనే మొలుస్తుంది. పూత దశకు రావడానికి ఏళ్లు పడుతుంది. నర్సరీలకు సీసాల్లో పెంచిన పిల్ల మొక్కలు వస్తున్నాయి, అవి కొనండి.

మృగశిర దాటి నాలుగు చినుకులు పడగానే వాండా, డెండ్రోబియమ్‌లకు కొత్త వేరు కొసలు పచ్చగా తొంగి చూస్తాయి. కుండీ మార్చడానికి అదే అదను, ఈసారి మా మేడ మీద ఇరవై రెండు కుండీలు మారాలి. అట్ట ముక్కలు కోసి పెట్టాను. ఒక్కోదాని మీద మొక్క పూర్తి పేరు, నాటిన తేదీ, మిశ్రమంలో ఏవి ఎన్ని పాళ్లో పెన్సిల్‌తో రాస్తాను. మార్కర్ రాత మన ఎండకు ఒక్క ఏడాదిలో వెలిసిపోతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది.