ఆర్కిడ్లు ఇంట్లో బతకవా? నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

"రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నానండీ, ఒక్క పూట కూడా మర్చిపోలేదు, అయినా ఆకులు ఇలా వేలాడిపోయాయి." నా దగ్గరికి వైద్యానికి వచ్చే ఆర్కిడ్ కుండీలు చాలా మటుకు ఈ మాటతోనే వస్తాయి. నేనేమీ అనకుండా కుండీని పక్కకి వంచి, మొక్కను మెల్లగా బయటికి తీస్తాను. లోపల వేళ్లు గోధుమరంగుకి తిరిగి మెత్తగా ఉంటాయి. ఒక వేరును చిటికెతో పట్టుకుని లాగితే పై తొడుగు జారి చేతిలోకి వచ్చేస్తుంది, మొక్కకి దారప్పోగు లాంటి నరం ఒక్కటి మిగులుతుంది. ఆ వేరు చచ్చి చాలా రోజులయింది. నీళ్లు లేక కాదు, గాలాడక.

మొదటిసారి పెంచేవాళ్ల చేతికి సాధారణంగా వచ్చేది ఫెలనాప్సిస్: వెడల్పాటి దళసరి ఆకులు, పొడవాటి కాడ, దాని మీద సీతాకోకచిలుకలు వరసగా వాలినట్టు పూలు. అందుకే కింద చెప్పేది ఎక్కువగా దాని గురించే.

అపోహ: కుండీలో మొక్క కాబట్టి మట్టి కావాలి, తడి ఆరకూడదు

అన్నిటికంటే ఎక్కువ మొక్కల్ని చంపేది ఇదే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. ఆర్కిడ్లలో సుమారు 28,000 జాతులున్నాయి. వాటిలో నేలలో పెరిగేవీ ఉన్నాయి కానీ మనం ఇళ్లలో పెంచుకునే ఫెలనాప్సిస్, వాండా, కాట్లియా, చాలా డెండ్రోబియంలు చెట్ల కొమ్మల్ని పట్టుకుని బతికే రకాలు. అలాగని ఇవి బదనికల్లా చెట్టు రసం పీల్చవు, చెట్టు వీటికి కూర్చునే చోటు మాత్రమే. వాన పడితే తడుస్తాయి, గాలి తగిలి కొన్ని గంటల్లో ఆరిపోతాయి. వాటి వేళ్లు ఆ బతుక్కి తగ్గట్టే ఉంటాయి. వేరు చుట్టూ వెలామెన్ అని స్పాంజి లాంటి పొర ఉంటుంది, అది చనిపోయిన కణాలతో కట్టిన పొర, నీరు తగిలిన నిమిషాల్లో పీల్చుకుంటుంది. ఎండినప్పుడు అందులో గాలి నిండి వేరు వెండి తెలుపులో కనిపిస్తుంది, తడిసినప్పుడు లోపలి పచ్చదనం బయటపడుతుంది.

ఇంత మంచి మీటర్ మొక్కే పెట్టుకుని తిరుగుతుంటే మనం క్యాలెండర్ చూసి నీళ్లు పోస్తాం! పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కుండీలో పెట్టండి. వేళ్లు తెల్లబడి, ఎత్తితే కుండీ తేలిగ్గా అనిపిస్తే అప్పుడు పోయండి. పోసేటప్పుడు పిసినారితనం వద్దు, కింది కన్నాల్లోంచి ధారగా కారాలి. పచ్చగా ఉంటే ఆ రోజుకి వదిలేయండి. వారానికి ఎన్నిసార్లు అని అడిగితే నేను చెప్పలేను, ఎందుకంటే మట్టికి బదులు వాడే చెట్టు బెరడు ముక్కల్లో ఉన్న మొక్క తొందరగా ఆరుతుంది, స్ఫాగ్నమ్ మాస్‌లో (నీటిని పట్టి ఉంచే ఒక రకం నాచు) ఉన్నది దానికి రెట్టింపు రోజులు కూడా తడిగా ఉండొచ్చు.

మట్టి ఎందుకు వద్దో నాకు ఎవరూ చెప్పలేదు. నా మొదటి ఆర్కిడ్‌ని బలంగా పెరగాలని ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి పెద్ద కుండీలో పాతిపెట్టాను. మూడు నెలలు కూడా ఆగలేదు. రెండో దాన్ని బుద్ధిగా బెరడులోనే పెట్టాను గానీ, ప్లాస్టిక్ కుండీని తీసుకెళ్లి అందమైన పింగాణీ కుండీలో దించాను. దానికి అడుగున కన్నం లేదు. పైన ఎండుగా కనిపించేది, అడుగున రెండంగుళాల నీళ్లు నిలిచి ఉండేవి, అది నాకు వాసన వచ్చాక తెలిసింది.

అపోహ: ఆకులు ముడతలు పడ్డాయంటే దాహంగా ఉంది

కావచ్చు. నీళ్లు ఎక్కువై వేళ్లు కుళ్లినా ఆకులు అచ్చం ఇలాగే వేలాడతాయి, ఎందుకంటే నీళ్లున్నా తాగడానికి వేళ్లుండవు. అప్పుడు ఇంకో చెంబెడు పోస్తే పని పూర్తయినట్టే. ఆకు ముడత కనిపించగానే చెంబు జోలికి వెళ్లకుండా ముందు వేళ్లు చూడండి.

అపోహ: ఐస్ ముక్కలు పెడితే మొక్క చచ్చిపోతుంది

నీళ్లు పోసే బదులు కుండీలో మూడు ఐస్ ముక్కలు పెట్టమనే సలహా విని, ఉష్ణమండలపు మొక్కకి ఐస్ ఏంటి అని నేనూ చాలా ఏళ్లు వెక్కిరించాను. తీరా 2017లో అమెరికాలో ఓహయో స్టేట్, జార్జియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు బెరడులో పెరిగే ఫెలనాప్సిస్‌లకి ఐస్ ముక్కలతో నీళ్లిచ్చి చూస్తే పూలు నిలిచే కాలమేమీ తగ్గలేదు, మొక్కలకీ హాని కనిపించలేదు. నా వెక్కిరింత నేనే దిగమింగుకున్నాను. ఆలోచిస్తే ఇందులో కిటుకు కొలతలోనే ఉందనిపిస్తుంది, మూడు ఐస్ ముక్కలతో ఎవరూ వేళ్లని ముంచలేరు కదా. అయినా నేను మామూలు నీళ్లే పోస్తాను. ఎరువు వేసే మొక్కకి అడుగున పేరుకునే లవణాలు కడుక్కుపోవాలంటే ధారగా నీళ్లు పారాల్సిందే.

అపోహ: రోజూ ఆకుల మీద స్ప్రే చేస్తే తేమ అందుతుంది

ఆ తేమ కాసేపట్లో ఎగిరిపోతుంది. ఎగరనిది మాత్రం ఆకుల నడిమధ్య, కొత్త ఆకు వచ్చే చోట గుంటలో నిలుస్తుంది. ఫెలనాప్సిస్‌కి ఎదుగుదల అంతా ఆ ఒక్క మొన నుంచే. రాత్రంతా అక్కడ నీళ్లు నిలిచి కుళ్లు పట్టిందంటే ఆకులు మొదలంటా ఊడి చేతిలోకి వస్తాయి. పొరపాటున నీళ్లు పడితే టిష్యూ ముక్కని మెలిపెట్టి అద్దేయండి. తేమ కావాలంటే నాలుగైదు మొక్కల్ని దగ్గర దగ్గరగా పెట్టండి, వాటిమధ్య గాలి ఆడనివ్వండి. గాలి సంగతి తేలిగ్గా తీసుకోకండి. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఆర్కిడ్లంటే పిచ్చి పట్టినట్టు తెప్పించుకుని, అడవి మొక్కలు కదా అని ఉక్కపోసే మూసిన గాజు గదుల్లో పెట్టారు, కుప్పలుగా చచ్చిపోయాయి. తలుపులు తెరిచి గాలి ఆడనిచ్చాకే అక్కడ ఆర్కిడ్లు నిలదొక్కుకున్నాయి.

అపోహ: పూలు రాలిపోయాయి, ఇక మొక్క పని అయిపోయింది

బాగున్న మొక్కని చెత్తబుట్టలో వేసేది ఈ నమ్మకంతోనే. ఫెలనాప్సిస్ పూలు రెండు మూడు నెలలు నిలుస్తాయి, తర్వాత రాలడం మామూలే. కాడ పచ్చగా ఉండి మొక్క బలంగా ఉంటే కింది నుంచి రెండో మూడో కణుపు లెక్కపెట్టి దాని పైన కత్తిరించండి, ఆ కణుపు దగ్గర కొత్త కొమ్మ వేసి మళ్లీ పూసే అవకాశం ఉంది. ఒక్కోసారి పువ్వు బదులు అక్కడ చిన్న పిలక మొలుస్తుంది, దానికి సొంత వేళ్లు రెండు మూడంగుళాలు వచ్చాక వేరు చేసుకోవచ్చు. కాడ ఎండినా, మొక్క నీరసంగా ఉన్నా మొదలంటా కోసేయడమే మంచిది.

కోసే ముందు కత్తెరని మంటలో కాల్చండి. ఆర్కిడ్లకి పట్టే వైరస్‌లకి మందు లేదు, అవి ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి పాకే దారుల్లో కత్తెర ముఖ్యమైనది.

డెండ్రోబియం విషయంలో మాత్రం తొందరపడి కోయకండి. ఆకులన్నీ రాలిన పాత కాండాలు మోళ్లలా కనిపిస్తాయి, చాలామంది శుభ్రం చేస్తున్నాం అనుకుని నరికేస్తారు. ఆ బొద్దు కాండాలే మొక్క నీళ్లూ తిండీ దాచుకునే గాదెలు, కొన్ని రకాలు వాటి మీదే పూస్తాయి కూడా. నొక్కితే గట్టిగా ఉన్నంత కాలం వాటి జోలికి వెళ్లొద్దు.

అపోహ: పూయడం లేదంటే ఎరువు చాలలేదు

ముందు వెలుతురు చూడండి. ఆకులు ముదురు పచ్చగా నిగనిగలాడుతుంటే చూడ్డానికి బాగుంటుంది గానీ అది చీకట్లో ఉన్న మొక్క. లేత పచ్చ, కొంచెం పసుపు ఛాయ ఉన్న పచ్చ అయితే వెలుతురు సరిపోతున్నట్టు. మధ్యాహ్నం ఆకు పైన ఒక అడుగు ఎత్తులో చెయ్యి పెట్టండి, నీడ అంచులు మసగ్గా పడితే సరే, నల్లగా గీత గీసినట్టు పడితే ఎండ ఎక్కువ, అసలు నీడే లేకపోతే ఆ చోటు పనికిరాదు. ఆకుని తాకితే వెచ్చగా కాలుతున్నట్టుంటే వెంటనే జరపండి, ఆకు మాడిన మచ్చ ఇక పోదు.

రెండోది చల్లదనం. ఫెలనాప్సిస్ కాడ వేయాలంటే కొన్ని వారాల పాటు సుమారు 25 డిగ్రీల లోపు వాతావరణం తగలాలి. పెద్ద ఎత్తున పెంచేవాళ్లు 28 డిగ్రీల పైన వెచ్చగా ఉంచి పూయకుండా ఆపుతారు, కావలసినప్పుడు చల్లబరిచి ఒక్కసారిగా కాడలు తెప్పిస్తారు. ఏడాదంతా ఒకే వెచ్చదనంలో ఉండే గదిలో ఎన్ని ఎరువులు పోసినా మొక్క ఆకులే వేస్తుంది. ఎరువు అంటారా, డబ్బా మీద రాసిన మోతాదులో పావు వంతు, రెండు వారాలకోసారి చాలు. బెరడు మీద తెల్లగా పొరలా కట్టిందంటే ఎక్కువైందని అర్థం.

కాడో వేరో తెలియక టెన్షన్ పడేవాళ్లకి ఒక గుర్తు: వేరు మొన గుండ్రంగా నున్నగా మెరుస్తుంది, కాడ మొన ఒక పక్కకి చిన్న ముక్కులా చప్పిడిగా ఉంటుంది. అనుమానంగా ఉంటే వారం ఆగండి, అదే చెబుతుంది.

గబగబా ఇంకొన్ని

కుండీ బయటికి పాకే వేళ్లు జబ్బు కాదు, కోయొద్దు, బలవంతంగా లోపలికి దూర్చొద్దు కూడా, పుటుక్కున విరుగుతాయి. పెద్ద కుండీ వద్దు, వేళ్లు పట్టేంత చాలు. బెరడు ఏడాది రెండేళ్లలో చివికి మట్టిలా అవుతుంది, అప్పుడు మార్చాలి. బూజు పట్టకుండా చల్లే దాల్చినచెక్క పొడి ఆకు కోసిన గాటు మీద పర్లేదు, వేళ్లకి పూస్తే వాటిని ఎండగొట్టేస్తుంది. పడకగదిలో పెడితే రాత్రి గాలి చెడుతుందని భయపడేవాళ్లకి, ఫెలనాప్సిస్ అసలు రాత్రిపూటే కార్బన్ డయాక్సైడ్ పీల్చుకునే మొక్క.

నీలం ఆర్కిడ్ అని ముచ్చటపడి నేనూ ఒకటి కొన్నాను. కాడ మొదట్లో మైనం అద్దిన చిన్న చుక్క కనిపించింది గానీ పట్టించుకోలేదు. మరుసటి ఏడాది మొగ్గ విచ్చితే శుభ్రమైన తెల్ల పువ్వు. ఆ మైనం కింద రంగు ఎక్కించిన కన్నం ఉందన్నమాట. మొక్క మాత్రం నిక్షేపంగా ఉంది.

ఇక మొదట్లో చెప్పినలాంటి కుండీ ఒకదాని సంగతి. కుళ్లినవన్నీ కోసేస్తే మూడు వేళ్లు మిగిలాయి, నొక్కితే గట్టిగా ఉన్నాయి. వాటికి సరిపోయే చిన్న పారదర్శక కుండీలో కొత్త బెరడు పోసి, మొక్క ఊగకుండా పుల్లకి కట్టి, ఎండ తగలని వెలుతురులో పెట్టమన్నాను. కొత్త వేరు పచ్చటి మొన కనిపించేదాకా ఎరువు ముట్టుకోవద్దన్నాను. "మరి నీళ్లు?" అని అడిగారు. ఆ మూడు వేళ్లూ ఏ రంగులో ఉన్నాయో చూసి పోయమన్నాను.