మొదటి చుట్ట ఎన్నింటికి?

"చుట్ట కాల్చందే దొడ్డికి రాదు సిస్టరమ్మా."

కందుకూరు, కొండపి వైపు మగవాళ్ల వార్డుల్లో ఈ మాట కొత్తేమీ కాదు. సాకులా ఉంటుంది గానీ అందులో నిజముంది. నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది. మానేసిన కొత్తలో మలబద్ధకం మామూలే. నీళ్లు ఎక్కువ తాగమని, ఆకుకూర తినమని, కొన్నాళ్లకు అదే సర్దుకుంటుందని కూర్చుని చెప్పే తీరిక రౌండ్సుకొచ్చిన డాక్టరుకు ఉండదు. ఆ పని నర్సు మీదే పడుతుంది.

నిజానికి ఒకప్పుడు నర్సులే కాల్చేవాళ్లు. సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ లంకె ఉందని బ్రిటన్‌లో డాల్, హిల్ అనే పరిశోధకులు 1950లోనే చూపించారు. అయినా అమెరికాలో 1976లో మొదలైన నర్సుల ఆరోగ్య అధ్యయనంలో చేరినవారిలో మూడోవంతు మంది పొగతాగేవాళ్లే. మన సిస్టర్లకు ఆ అలవాటు లేదు. వాళ్ల చిక్కు వేరు: పుట్టింట్లో పొగాకు చేను, పెరట్లో ఆకు కాల్చే బ్యారన్. ఆ డబ్బుతోనే నర్సింగ్ చదివిన పిల్లలు ఇక్కడ ఉన్నారు.

ప్రభుత్వానిదీ అదే తంతు. సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక వేయమన్న చట్టమూ, పొగాకు బోర్డు చట్టమూ రెండూ 1975లోనే వచ్చాయి. గుంటూరు కేంద్రంగా మొదలైన ఆ బోర్డు వేలం కేంద్రాలు ఒంగోలు నుంచి కలిగిరి, డీసీపల్లి దాకా ఉన్నాయి. హెచ్చరిక మాత్రం సిగరెట్లకే. చుట్ట, బీడీ చట్టంలోకి రావడానికి 2003 దాకా పట్టింది. విడిగా అమ్మే చుట్టకు పెట్టే లేదు, బొమ్మ ఎక్కడ వేస్తారు?

మాన్పించే కేంద్రాలు దేశంలో 2002లో మొదలయ్యాయి. టోల్‌ఫ్రీ నంబరు 2016లో వచ్చింది. నర్సు సలహా, సాయం దొరికినవాళ్లలో మానేసేవారు దాదాపు 30 శాతం ఎక్కువని పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2017 సమీక్ష తేల్చింది. ఊరికే మానేయగలిగేవాళ్లే కొద్దిమంది కాబట్టి ఇది అద్భుతమేం కాదు. కానీ ఖర్చు ఓ పది నిమిషాలు.

ఆ పది నిమిషాలకు వార్డే మంచి చోటు. తపన మొదటి మూడు రోజులే గట్టిగా ఉంటుంది, ఆ మూడు రోజులూ మనిషి మంచం మీదే ఉంటాడు. ఉండాలి మరి! 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో నిషేధం గట్టిపడ్డాక, చేతికి సెలైన్ సూదితోనే గేటు బయటి టీ బంకు దాకా నడిచి వెళ్లేవాళ్లున్నారు.

ఇప్పుడు విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లు ఉన్నారు. ముప్పై దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూస్తారు. పొగ తాగుతారా అన్న గడికి టిక్కు పడుతుంది. అసలు అడగాల్సింది ఇంకోటి ఉంది.

"లేచాక ఎంతసేపటికి వెలిగిస్తావు పెద్దాయనా?"

"లేవడమేంది, మంచం దిగకముందే."

ఐదు నిమిషాల్లోపే అంటే అలవాటు బాగా ముదిరినట్టు. ఒట్టి సలహా చాలదు, నికోటిన్ గమ్ము లాంటిది కావాలి. నర్సు మందుల చీటీ తిప్పి, వెనక ఆ టోల్‌ఫ్రీ నంబరు పెద్ద అంకెలతో రాసిచ్చింది: 1800-11-2356.