హోమ్‌స్కూలింగ్: బయట ఉన్న అపోహలు, మాలో ఉన్న అపోహలు

నేను మా పిల్లలకి ఇంట్లో చదువు చెప్పడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. ఈ దారిలోకి రావాలా వద్దా అని తేల్చుకోలేని తల్లిదండ్రులు తరచూ నాతో మాట్లాడుతుంటారు. ఇళ్లు వేరైనా అందరి భయాలూ ఇంచుమించు ఒకటే. కొన్నిటికి ఆధారం లేదు. కొన్నిట్లో సగం నిజం ఉంది. ఇవి కాక, హోమ్‌స్కూలింగ్‌ని గట్టిగా సమర్థించే మావాళ్లలోనే కొన్ని అపోహలున్నాయి. పిల్లలకి ఎక్కువ నష్టం చేసేవి అవేనని నాకనిపిస్తుంది.

అపోహ: ఇంట్లో చదివే పిల్లలకి నలుగురిలో మెలగడం రాదు

అందరూ ముందు అడిగేది ఇదే. "అలాంటిదేం లేదండీ" అని కొట్టిపారేయడం నాకిష్టం లేదు, ఎందుకంటే మొదటి ఏడాది మా ఇంట్లో జరిగింది అదే. మావాడికి అప్పుడు ఆరేళ్లు, చెల్లెలికి రెండేళ్లు. వాడు రోజంతా మాట్లాడే మనుషులం మేం ముగ్గురమే. ఏడాది చివర్లో బంధువుల ఇంటికి వెళ్తే, వాడు తనకన్నా చిన్నపిల్లల్ని బాగా ఆడించాడు, పెద్దవాళ్లతో చక్కగా మాట్లాడాడు. తన ఈడు పిల్లలు ఆటలో ఒప్పుకోకపోతే మాత్రం ఏం చేయాలో తెలియక వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత కంగారుపడి డ్రాయింగ్, కరాటే, సంగీతం లాంటి నాలుగు క్లాసుల్లో చేర్పించాను. పెద్దగా తేడా రాలేదు. క్లాసులో గంటసేపు అందరూ టీచర్ వైపే చూస్తుంటారు, అయిపోగానే ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోతారు. స్నేహం కుదరాలంటే అదే పిల్లలు, అదే చోట, వారం వారం కలవాలి. ఏ పనీ పెట్టకుండా వాళ్లని వాళ్లకి వదిలేసే సమయం కావాలి. మూడు క్లాసులు మానిపించి, ఇంకో రెండు కుటుంబాలతో మాట్లాడుకుని బుధ, శుక్రవారాల సాయంత్రాలు పూర్తిగా ఆటకే కేటాయించాం. పోట్లాడుకున్నారు, మాటలు మానేశారు, మళ్లీ కలిశారు. మావాడికి కావాల్సింది అదే.

బడి ఇచ్చినంత సులువుగా ఇల్లు స్నేహితుల్ని ఇవ్వదు, తల్లిదండ్రులు పూనుకుని కుదర్చాలి. కుదిర్చితే వేర్వేరు వయసుల వాళ్లతో కలిసిపోయే అవకాశం ఇంట్లో చదివే పిల్లలకే ఎక్కువ. ఇంకో మాట కూడా గట్టిగా చెప్తాను. అమ్మానాన్నలు కాకుండా, పిల్లలు నమ్మి చెప్పుకోగలిగే పెద్దవాళ్లు ఇంటి బయట ఒకరిద్దరైనా ఉండాలి. బడిలో పిల్లల్ని రోజూ నాలుగు జతల కళ్లు చూస్తుంటాయి. ఇంట్లో ఆ రక్షణ దానంతటది రాదు.

అపోహ: అన్ని సబ్జెక్టులూ మనకి వచ్చి ఉండాలి

మా అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు 502లోంచి 178 తీసేయమన్నాను. 476 అని రాసింది. ఎలా వచ్చిందో చెప్పమ్మా అన్నాను. "ఎనిమిదిలోంచి రెండు పోతే ఆరు. ఏడులోంచి సున్నా పోతే ఏడు. అయిదులోంచి ఒకటి పోతే నాలుగు" అంది. పైదా కిందదా అని చూడకుండా ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెని తీసేసింది. అది పరధ్యానంలో చేసిన తప్పు కాదు. తనకి తెలిసిన ఒక పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించింది, ఆ పద్ధతే తప్పు.

పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం మళ్లీ చెప్పలేదు. కాగితం మీద అడ్డంగా ఓ గీత గీసి, ఈ చివర 178, ఆ చివర 502 రాసి, "ఇక్కణ్ణుంచి అక్కడికి ఎంత దూరం?" అన్నాను. కాసేపు ఆలోచించి, 180కి రెండు, 200కి ఇరవై, 500కి మూడొందలు, ఇంకో రెండు అని వేళ్లు మడుస్తూ చెప్పింది. మొత్తం 324. ముందు రాసిన 476 కేసి చూసి, "అమ్మా, ఇది అసలు కుదరదు కదా! అయిదొందల్లోంచి అంత తీసేస్తే ఇంకా అంత ఎలా మిగులుతుంది?" అంది. అప్పు తెచ్చుకునే పద్ధతి ఆ తర్వాత మూడు రోజులకి చెప్పాను, సులువుగా పట్టుకుంది.

ఈ పనికి గణితంలో డిగ్రీ అక్కర్లేదు. "ఎలా వచ్చిందో చెప్పు" అని అడిగి, చెప్పేదాకా ఆగే ఓపిక కావాలి. నలభై మందికి ఒకేసారి చెప్పే టీచర్‌కి ఆ మనసున్నా సమయం దొరకదు. ఇద్దరు పిల్లలున్న అమ్మకి దొరుకుతుంది. పెద్ద తరగతుల బీజగణితం, రసాయనశాస్త్రం వచ్చేసరికి నాకు చేతకాలేదు. వచ్చినవాళ్ల దగ్గరికి పంపించాను. అన్నీ నేనే చెప్పాలని పట్టుబట్టి ఉంటే నష్టపోయేది మావాడే.

అపోహ: రోజుకి ఆరేడు గంటలు కూర్చోబెట్టాలి

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇంట్లో బోర్డు బిగించి, పీరియడ్లుగా టైమ్‌టేబుల్ గీసి, నెల తిరక్కుండా అలసిపోతారు. నేనూ అలాగే అలసిపోయాను. బడిలో హాజరుకి, గది మారడానికి, మిగతావాళ్లు పూర్తిచేసేదాకా ఎదురుచూడటానికి చాలా సమయం పోతుంది. ఇంట్లో అవేవీ ఉండవు. చిన్న తరగతుల్లో మాకు రోజుకి రెండు గంటలు కూర్చుని చదివే చదువు సరిపోయింది. పదేళ్లు దాటాక పెరుగుతూ వచ్చింది.

అపోహ: కరోనా అప్పుడు మేమూ చేశాం, మాకు తెలుసు

అప్పుడు చాలా ఇళ్లలో జరిగింది ఆన్‌లైన్ క్లాసులు. సిలబస్, వేగం, పరీక్ష అన్నీ బడివే, గది ఒక్కటే మారింది. ఆ టెన్షన్ చూసి హోమ్‌స్కూలింగ్ అంటే ఇంతేనని అనుకోకండి. అయితే ఆ కాలం కొందరికి నిజంగానే కొత్త దారి చూపించింది. అమెరికా జనగణన విభాగం సర్వేలో, బడి ఈడు పిల్లలున్న ఇళ్లలో హోమ్‌స్కూలింగ్ చేస్తున్నామన్నవి 2020 వసంతంలో 5.4 శాతం ఉంటే, అదే ఏడాది అక్టోబరుకి 11.1 శాతానికి చేరాయి. ఆన్‌లైన్ క్లాసుల్ని కలిపి చెప్పకుండా రెండోసారి ప్రశ్నని స్పష్టంగా మార్చి అడిగారు. నల్లజాతి కుటుంబాల్లో ఆ పెరుగుదల 3.3 నుంచి 16.1 శాతానికి. ఇది ఏదో ఒక వర్గం వాళ్లు చేసే పని అనుకునేవాళ్లు ఈ అంకె చూడాలి.

అపోహ: ఇది ఎక్కడైనా చట్టవిరుద్ధమే (లేదా, ఎక్కడైనా చెల్లుతుంది)

రెండూ తప్పే. జర్మనీలో పిల్లలు బడికి వెళ్లి తీరాలి. అక్కడి తల్లిదండ్రులు యూరప్ మానవ హక్కుల కోర్టుదాకా వెళ్లినా 2006లో, మళ్లీ 2019లో తీర్పులు వాళ్లకి వ్యతిరేకంగానే వచ్చాయి. స్వీడన్‌లో 2011 నుంచి అసాధారణ పరిస్థితుల్లోనే అనుమతిస్తున్నారు. ఫ్రాన్స్‌లో ఒకప్పుడు తెలియజేస్తే సరిపోయేది, 2022 నుంచి ముందే అనుమతి తీసుకోవాలి. ఇంగ్లండ్‌లో 1996 విద్యా చట్టం పిల్లలకి "బడిలో గానీ, మరోరకంగా గానీ" చదువు అందాలంటుంది. అమెరికాలో 1993 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమైంది, నిబంధనలు మాత్రం రాష్ట్రానికో తీరు. భారతదేశంలో 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల బడి చదువు గురించి మాట్లాడుతుంది. ఇంట్లో చదివే పిల్లలు పద్నాలుగేళ్లు నిండాక జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా పదో తరగతి పరీక్ష రాయొచ్చు. మీరెక్కడ ఉంటే అక్కడి నిబంధన చదివి, సర్టిఫికెట్ ఎలా వస్తుందో తేల్చుకున్నాకే పిల్లల్ని బడి మానిపించండి.

మాలోని అపోహ: వదిలేస్తే వాళ్లే నేర్చుకుంటారు

అన్‌స్కూలింగ్ అనే మాట 1970ల్లో అమెరికన్ ఉపాధ్యాయుడు జాన్ హోల్ట్ వల్ల వాడుకలోకి వచ్చింది. పిల్లల ఆసక్తి వెంట నడవడం దాని సారం. దాన్ని బాగా చేసే తల్లిదండ్రుల్ని చూశాను, టైమ్‌టేబుల్ పెట్టుకునే నాకన్నా ఎక్కువ కష్టపడతారు. పుస్తకాలు వెతుకుతారు, మనుషుల్ని పరిచయం చేస్తారు, పక్కన కూర్చుంటారు. ఆ కష్టం పడలేక, పదేళ్లొచ్చినా చదవడం రాని పిల్లాడి గురించి "వాడి సమయం వస్తుంది" అని ఊరుకోవడం స్వేచ్ఛ కాదు. చదవలేకపోవడానికి డిస్లెక్సియా (అక్షరాలు, మాటలు గుర్తుపట్టి చదవడంలో ఉండే ఇబ్బంది) లాంటి కారణం ఉంటే, బయటపడే అవకాశాన్ని మనమే ఆలస్యం చేసినవాళ్లమవుతాం.

దీని పక్కనే ఇంకో అపోహ ఉంది, మన పిల్లలు బడి పిల్లల కన్నా ముందుంటారని. దానికి చూపించే సర్వేలు చాలావరకు ఇష్టపడి ముందుకొచ్చిన కుటుంబాలవి. వెనకబడ్డవాళ్లు ఎందుకు ముందుకొస్తారు? 2011లో వచ్చిన ఒక కెనడా పరిశోధనలో 37 మంది ఇంటి పిల్లల్ని, 37 మంది బడి పిల్లల్ని పోల్చారు. పద్ధతిగా పాఠాలు జరిగే ఇళ్ల పిల్లలు బాగా చేశారు. ఏ పద్ధతీ లేని ఇళ్ల పిల్లలు, 12 మంది, బడి పిల్లల కన్నా వెనకే ఉన్నారు. అంత చిన్న సంఖ్యతో ప్రపంచం గురించి తీర్పు చెప్పలేం. మన ఇంటిని ఓసారి నిజాయితీగా చూసుకోవడానికి మాత్రం అది చాలు.

అపోహ: ఒకసారి మానిపిస్తే మళ్లీ బడిలో ఇమడలేరు

మావాడు పదమూడో ఏట బడికి వెళ్తానన్నాడు. నాకు మనసులో కలుక్కుమంది, అయినా పంపించాను. స్నేహితులు రెండు వారాల్లో కుదిరారు. పాఠాల్లోనూ ఇబ్బంది రాలేదు. వాడు తడబడింది మూడు గంటల పరీక్షలో. జవాబులు తెలిసినా సమయం చాలక మొదటి పరీక్షలో చివరి రెండు ప్రశ్నలు వదిలేసి వచ్చాడు. ఇంట్లో నేనెప్పుడూ సమయం పెట్టి రాయించలేదు, అది నా లోపం. తేరుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు ప్రతి శనివారం ఉదయం చెల్లెల్ని గడియారం ముందు కూర్చోబెట్టి రాయిస్తున్నాను. పేపరు తయారుచేసేది వాళ్ల అన్నయ్యే.