నీరు పోతుంది, ఉప్పు ఉండిపోతుంది

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు గత ఏప్రిల్‌లో ఫోన్ చేసి, "మావయ్యా, నేనుండేది ఒక్కటే గది, వంటా పడకా అందులోనే. ఒక మూలన చిన్న ఉప్పునీటి అక్వేరియం పెట్టి, రెండు చేపలు, నాలుగు పగడపు జీవులు పెంచాలని ఉంది. అవుతుందా?" అని అడిగింది. ఒడిశాలోని బరంపురంలో, గోపాలపూర్ తీరానికి ఓ పదిహేను కిలోమీటర్ల దూరంలో కాపురముంటూ, చాలా ఏళ్ళు ప్లస్ టూ పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పి, నాలుగేళ్ళుగా అలాంటి తొట్టినే మా ముందుగదిలో పెంచుతున్నవాణ్ణి కాబట్టి ఆ ప్రశ్న నా దగ్గరికి రావడం సహజమే. అవుతుందని చెప్పాను. అయితే ఆ తొట్టిలో జరిగే సంగతులన్నిటికీ మూలమైన ఒక్క విషయం ముందుగా పూర్తిగా అర్థం కావాలని కూడా చెప్పాను. నీరు ఆవిరైపోయినా ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుందన్న ఆ విషయమే ఈ వ్యాసం.

దీపాలు, పంపులు, వడపోత సామగ్రి గురించి దుకాణంలో అడిగినా తెలుస్తుంది కాబట్టి వాటి జోలికి వెళ్ళను. పొడవు 45, వెడల్పు 35 సెంటీమీటర్లు ఉండి, 32 సెంటీమీటర్ల లోతు వరకు నీరు నింపే గాజుతొట్టి అనుకుందాం. గుణిస్తే దాదాపు 50 లీటర్లు. అద్దాలు, రాళ్ళు, ఇసుక కలుపుకుంటే బరువు 70 కిలోలు దాటుతుంది కనుక గట్టి బల్ల కావాలి. సామాను సంగతి ఇంతటితో సరి.

బరంపురం నుంచి భువనేశ్వర్ వెళ్ళే రైలులో ఛత్రపురం, గంజాం దాటాక హుమ్మా దగ్గర ఉప్పుమళ్ళు వస్తాయి. ఎండాకాలంలో ఆ మళ్ళ గట్ల మీద తెల్లని ఉప్పు కుప్పలు కనిపిస్తాయి. అక్కడ జరిగేదంతా ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: ఎండ తగిలితే నీరు ఆవిరై పోతుంది, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. గదిలో పెట్టిన సముద్రపు తొట్టి కూడా, మనం ఊరుకుంటే, ఒక చిన్న ఉప్పుమడే. ఉప్పు పండించేవాడు నీరు పోవాలని కోరుకుంటాడు, పగడాలు పెంచేవాడు పోయిన నీటిని పోయినంతా తిరిగి తేవాలి. తేడా అంతే.

అంకెల్లో చూద్దాం. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. 50 లీటర్ల తొట్టిలో, లెక్క తేలికగా ఉండడానికి, 1,750 గ్రాములనుకుందాం. నేను మొదటి రోజు తొట్టి అద్దానికి బయటివైపు నీటిమట్టం దగ్గర తెల్లని టేపు ముక్క అంటించి, మరునాడు అదే వేళకు స్కేలుతో కొలిచాను. మట్టం 5 మిల్లీమీటర్లు తగ్గింది. తొట్టి నోరు 1,575 చదరపు సెంటీమీటర్లు కనుక పోయినది ముప్పావు లీటరు పైమాటే. అలా ఏడు రోజుల్లో అయిదున్నర లీటర్లు పోతే, అదే 1,750 గ్రాముల ఉప్పు 44.5 లీటర్లలో సర్దుకోవాలి, అంటే లీటరుకు 39 గ్రాములు దాటుతుంది. పెద్ద అక్వేరియంలో కూడా మట్టం ఇంతే తగ్గుతుంది గానీ, లోతు ఎక్కువ కనుక ఉప్పదనం అంతగా మారదు. తొట్టి చిన్నదైన కొద్దీ పెంపకం తేలిక అనుకోవడం పొరపాటని చెప్పడానికి ఈ ఒక్క భాగహారం చాలు.

నా మొదటి ఏడాది పొరపాటు ఇక్కడే జరిగింది. సామాను అమ్మిన దుకాణదారు "తగ్గినంత ఉప్పునీరే కలిపి పోయండి" అన్నాడు, నేనూ ఆలోచించకుండా అలాగే పోశాను. వారానికి అయిదున్నర లీటర్ల ఉప్పునీరంటే వారానికి 192 గ్రాముల ఉప్పు అదనంగా చేరడం. నాలుగు వారాలయ్యేసరికి మొత్తం 2,500 గ్రాములు దాటింది, అంటే లీటరుకు 50 గ్రాములు. అద్దం అంచుల మీద తెల్లని పెచ్చు కట్టింది, గోటితో గీస్తే పొడిపొడిగా రాలింది. నత్తలు మూతలు బిగించుకుని ఇసుక మీద పడి ఉన్నాయి. నీటి సాంద్రతను బట్టి ఉప్పును చూపే ముల్లు హైడ్రోమీటరు ఒకటి వాడేవాణ్ణి, అది మాత్రం అంతా సవ్యంగానే ఉందని చూపిస్తోంది. దగ్గరగా పెట్టి చూస్తే, ఏదో చేరి ముల్లును పైకి కదలనివ్వడం లేదు. తీసి చూస్తే అది ఎండిన ఉప్పు పలుకు. ఆనాటి నుంచి కాంతి వక్రీభవనాన్ని బట్టి ఉప్పును కొలిచే రిఫ్రాక్టోమీటరునే నమ్ముతున్నాను, దాన్నీ 35 గ్రాముల ప్రామాణిక ద్రావణంతో నెలకోసారి సరిచూస్తాను.

కాబట్టి ఆవిరైన దాని చోట పోయవలసింది ఉప్పులేని మంచినీరే. అది కూడా ఎలాంటి మంచినీరు? మా ఇంటి బోరు నీటిని టీడీఎస్ మీటరుతో, అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తాన్ని చూపే పరికరంతో చూస్తే లీటరుకు 600 మిల్లీగ్రాములు చూపించింది. తాగడానికి ఇబ్బంది లేకపోవచ్చు. కానీ వారానికి అయిదున్నర లీటర్ల చొప్పున పోస్తే, నీరు మళ్ళీ మళ్ళీ ఆవిరై, అందులోని 3.3 గ్రాములు ప్రతి వారమూ తొట్టిలోనే మిగులుతాయి. ఏడాదికి 170 గ్రాములు. కూలరు గడ్డి మీద వేసవి చివరికి కట్టే తెల్లని పొర ఇలా పుట్టినదే. అందుకే టీడీఎస్ సున్నాకు దగ్గరగా ఉండే ఆర్‌ఓ నీరే పోయాలి. రుచి కోసం చివరలో ఖనిజాలు కలిపే యంత్రమైతే ఆ భాగానికి ముందే నీరు పట్టుకోవాలి. కూలరులో నీటిమట్టం కాపాడే బంతి వాల్వు లాంటిదే చిన్నది తొట్టికి అమర్చితే, పోయిన నీరు చుక్కచుక్కగా దానంతటదే భర్తీ అవుతుంది.

ఇంత పట్టింపు ఎందుకంటారేమో. రంభ దగ్గర చిలికా సరస్సును చూడండి. వానాకాలంలో నదుల నీటితో చప్పబడి, వేసవిలో మళ్ళీ ఉప్పదేరుతుంది, అందులోని పీతలూ చేపలూ ఆ మార్పుకు అలవాటుపడినవే. పగడపు దిబ్బల జీవులు అలా కాదు. సముద్రపు చేప ఉప్పునీరు తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల కణాల ద్వారా బయటికి నెట్టగలదు. పగడపు జీవులకు, సముద్ర నక్షత్రాలకు ఆ ఏర్పాటు లేదు. బయటి నీరు ఎంత ఉప్పగా ఉంటే వాటి ఒంటిలోని ద్రవమూ అంతే ఉప్పగా మారుతుంది. ఆ మార్పు హఠాత్తుగా జరిగితే కణాల్లోంచి నీరు బయటికి లాగబడి అవి ముడుచుకుపోతాయి.

మేనకోడలి రెండో ప్రశ్న ఇది: "వంటింటి కల్లుప్పు కలిపితే సముద్రపు నీరు కాదా మావయ్యా? అదీ సముద్రంలోంచి వచ్చిందే కదా." ఎంత మంచి ప్రశ్నో! దీనికి జవాబు కూడా ఉప్పుమడిలోనే ఉంది. సముద్రపు నీరు సుమారు సగానికి ఇంకేసరికి మొట్టమొదట కాల్షియం కార్బొనేట్ అడుగున దిగుతుంది. నాలుగో వంతో అయిదో వంతో మిగిలేసరికి కాల్షియం సల్ఫేట్, అంటే జిప్సం, దిగడం మొదలవుతుంది. పదో వంతు మిగిలినప్పుడు గానీ, ఉప్పునీటి చిక్కదనం తెలుసుకోవడానికి ఉప్పు పండించేవారు వాడే బామే కొలతలో 25 డిగ్రీల దగ్గర, సోడియం క్లోరైడు పలుకులు కట్టదు. 29 డిగ్రీల దగ్గర మిగిలిన చేదునీటిని బయటికి వదిలేస్తారు, మెగ్నీషియం ఎక్కువ భాగం దానితోనే పోతుంది. వానాకాలంలో జాడీలో కల్లుప్పు చెమ్మగిల్లడానికి కారణం ఆ మెగ్నీషియం క్లోరైడులో కొంచెం పలుకులకు అంటుకుని రావడమే. అంటే కాల్షియం ముందే దిగిపోయింది, మెగ్నీషియం చేదునీటిలో వెళ్ళిపోయింది, నడుమ చేతికందినదే మన వంటింటి ఉప్పు. పగడం అస్థి కట్టుకోవడానికి ముఖ్యంగా కావలసిన కాల్షియం సరిగ్గా ఆ పోయినవాటిలోనే ఉంది. అందుకే అన్ని లవణాలూ సముద్రపు పాళ్ళలో కలిపిన అక్వేరియం ఉప్పే కొనాలి, 5 లీటర్లకు అది 180 నుంచి 190 గ్రాములు పడుతుంది.

గోపాలపూర్ నుంచి డబ్బాలతో నీరు తేవచ్చు కదా అని ఇక్కడి మిత్రులు అడుగుతుంటారు. బంగాళాఖాతపు ఉత్తర భాగంలోకి వర్షాకాలంలో పెద్ద నదులు కుమ్మరించే నీటివల్ల ఉపరితలపు ఉప్పదనం బాగా పడిపోతుంది, ఒండ్రు కూడా ఎక్కువ. మన తీరం వెంట పగడపు దిబ్బలు లేకపోవడానికి ముఖ్య కారణాలు కూడా ఇవే. ఒడ్డు నీటిని నమ్మి తొట్టి నింపడం నాకు సమ్మతం కాదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్న సంగతికి ఇప్పుడు వస్తున్నాను. 1872 నుంచి 1876 వరకు లోకం చుట్టివచ్చిన ఛాలెంజర్ నౌక తెచ్చిన 77 నీటి నమూనాలను విలియం డిట్మార్ విశ్లేషించి, 1884లో ఫలితాలు ప్రకటించాడు. ఏ సముద్రంలోనైనా మొత్తం ఉప్పు హెచ్చుతగ్గులవుతుందే గాని, ముఖ్య లవణాల మధ్య పాళ్ళు దాదాపు మారవని తేలింది. ఒక్క కొలతతో నీటి గుణమంతా అంచనా కట్టే వీలు అలా కలిగింది. పగడాలున్న 50 లీటర్ల తొట్టిలో ఈ నియమం నెలలోపే చెదిరిపోతుంది, ఎందుకంటే సముద్రానికి లెక్కలోకి రాని వాడకం ఇక్కడ లెక్కకు వస్తుంది. రాతి పగడం తన కణాల కింద సన్నని పొరలో హైడ్రోజన్ అయాన్లను బయటికి తోడేసి, క్షారగుణం పెంచి, కాల్షియం కార్బొనేట్‌ను అరగొనైట్ అనే స్ఫటిక రూపంలో దింపి అస్థి కట్టుకుంటుంది. ఉప్పుమడి మొదటి చెరువు ఎండ సాయంతో చేసే పనినే పగడం నీరు ఇంకకుండానే చేస్తుంది. లీటరుకు 410 మిల్లీగ్రాముల చొప్పున తొట్టిలో కాల్షియం 20 గ్రాములకు పైగా ఉంటుంది, క్షారత, అంటే ఆమ్లాన్ని తటస్థం చేయగల బైకార్బొనేట్ వగైరాల నిల్వ, లీటరుకు 2.3 చొప్పున 115 మిల్లీ ఈక్వివలెంట్లు (ఆ నిల్వను కొలిచే ప్రమాణం). ఒక్క గ్రాము అస్థి కట్టడానికి 0.4 గ్రాముల కాల్షియం, 20 మిల్లీ ఈక్వివలెంట్ల క్షారత ఖర్చవుతాయి. అంటే కాల్షియంలో 2 శాతమే తగ్గుతుంది, క్షారతలో మాత్రం 17 శాతం హరించుకుపోతుంది! కాల్షియం పరీక్ష ఒక్కటే చేసి నిశ్చింతగా ఉండేవారి పగడాలు ఎదగకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

దీనిలో ఆవిరి మరో చిక్కు పెడుతుంది. అయిదున్నర లీటర్లు పోయిన రోజున కాల్షియం కొలిస్తే 410కి బదులు 460 చూపిస్తుంది. కాల్షియం ఒక్క మిల్లీగ్రాము కూడా పెరగలేదు, నీరు తగ్గిందంతే. అందుచేత మట్టం టేపు దాకా నింపి, ఉప్పు సరిచూసి, ఆ తరువాతే మిగతా పరీక్షలు చేయాలి. వారానికి పదో వంతు నీరు మార్చి కొత్త ఉప్పునీరు పోస్తే, మెత్తని పగడపు జీవులున్న తొట్టిలో పాళ్ళు చాలామటుకు నిలబడతాయి.

ఇక చంద్రపూర్ వేడి. పగడాలకు 25 నుంచి 27 డిగ్రీలు హాయి. 30 దాటి రోజుల తరబడి ఉంటే, వాటి కణాల్లో ఉండి ఆహారం తయారుచేసి పెట్టే శైవలాలు (కంటికి కనపడని నాచు జీవులు) వెళ్ళిపోయి అవి తెల్లబడతాయి. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే కుండలో నీరు చల్లబడినట్టే తొట్టీ చల్లబడుతుంది. కానీ ఎంతవరకు అన్నది గాలిలో తేమను బట్టి ఉంటుంది. 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న చంద్రపూర్ మధ్యాహ్నం తడిబల్బు థర్మామీటరు, అంటే బల్బుకు తడిగుడ్డ చుట్టి ఆవిరితో చల్లబడనిచ్చినది, 24 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న బరంపురంలో అది 30 దగ్గరే ఆగిపోతుంది. ఆవిరితో అంతకంటే కిందికి నీటిని దింపలేం. ఎండ తక్కువ ఉన్న మా ఊరిలోనే ఫ్యాను చాలక ఏసీ అవసరమవుతోందంటే మేనకోడలు మొదట నమ్మలేదు. అయితే ఆ చల్లదనానికి ఆమె కట్టవలసిన మూల్యం నీళ్ళే. తరగతిలో మేము బాష్పీభవనాన్ని ఒక నిర్వచనంగా చెప్పించి వదిలేస్తాం. ఒక్క పిల్లవాడి చేతనైనా స్కేలుతో కొలిపించి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు రాళ్ళ మీద స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా చేపలు వేయకూడదు. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర, పీహెచ్ 7 ఉన్న నీటితో పోలిస్తే, అమ్మోనియాలో విషరూపపు పాలు పది రెట్లకు పైగా ఉంటుంది. తొందరపడి వేసిన చేప చనిపోతే, ఇంటి దిష్టి చేప తీసుకుపోయిందని కొందరు ఊరట చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే కారణం తెలుసుకోకుండానే వారంలో మరో చేపను అదే నీటిలో వేస్తారు. మరో సంగతి: రాతి పగడాలు, సముద్రపు విసనకర్రలు (సీ ఫ్యాన్లు అనే పగడపు జాతి జీవులు) మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. మన సముద్రాల నుంచి తెచ్చినవి ఎవరు అమ్మజూపినా కొనవద్దని, రాళ్ళకు బదులు కాల్చిన పింగాణీ దిమ్మలు, హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలు చాలని ఆమెకు గట్టిగా చెప్పాను.

తొట్టి కొనకముందు ఒక వారం పాటు నిటారు అంచులున్న ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు పోసి, తొట్టి పెట్టదలచిన మూలనే ఉంచి, ఫ్యాను తిప్పి, లోపలి గోడకు టేపు అంటించి కొలవమన్నాను. ఏడో రోజు రాత్రి ఫోన్ చేసింది. రోజుకు 9 మిల్లీమీటర్లు. తను అనుకున్న తొట్టికైతే రోజుకు 1.4 లీటర్లని లెక్క కూడా తానే వేసి చెప్పింది. ఆ లెక్కన రెండు రోజులు ఊరెళ్ళాలన్నా బంతి వాల్వు తప్పదని గ్రహించి, ముందుగా వాల్వూ నీటి డబ్బా కొనుక్కుంది. వానలు పడి గాలిలో తేమ చేరాక అదే డబ్బాతో మళ్ళీ కొలిచి, అప్పుడు తొట్టి తెచ్చుకుంటానంది.