పరుగు టాపుకు జాకెట్టు లెక్కలు పనికిరావు: అపోహలు – వాస్తవాలు

జాకెట్లు కుట్టడం నా పని. తెల్లారకముందే విశాఖ బీచ్ రోడ్డు మీద పరుగెత్తడం నా సరదా. ఓ ప్యాటర్న్ (గుడ్డ కోయడానికి గీసిన కాగితం నమూనా) తీసుకుని నా టాపు నేనే కుట్టుకుందామని కూర్చుంటే, చెయ్యి తిరిగిన పనే నన్ను ముంచింది. తల దూర్చగానే మెడ దగ్గర దారం టప్పున తెగింది. నా దగ్గర కుట్టు నేర్చుకునే పిల్లలు ఇప్పుడు అడిగేవన్నీ అప్పట్లో నేనూ నమ్మినవే.

అపోహ: ఓవర్‌లాక్ మిషన్ లేనిదే సాగే గుడ్డ జోలికి పోకూడదు.

ఓవర్‌లాక్ (అంచు కోస్తూనే దారం చుట్టేసే మిషన్) ఉంటే పని తొందరగా తెములుతుంది, అంతే. బనియన్ గుడ్డ, టీషర్టు గుడ్డ నేసినవి కావు, అల్లినవి. కోసిన అంచు చుట్టుకుంటుంది గానీ చీర కొంగులా పోగులు ఊడదు. అసలు చిక్కు కుట్టుది. సాదా కుట్టులో దారం తిన్నగా పోతుంది, గుడ్డ సాగినప్పుడు దానికి సాగే చోటుండదు. జిగ్‌జాగ్ ఉన్న మిషన్ మీద వెడల్పు 0.5 మి.మీ., పొడవు 2.5 మి.మీ. పెట్టండి. చూపుకు సాదా కుట్టులాగే ఉంటుంది, లాగితే సాగుతుంది. ఇంట్లో పాత నల్ల మిషనే ఉంటే, గుడ్డను ముందూ వెనకా కొంచెం బిగబట్టి కుట్టి, పక్కనే ఇంకో వరస వేయండి. జిగ్‌జాగ్ అంత నమ్మకం లేదు కానీ వదులు టాపుకు చాలు.

ఖర్చు పెట్టేదేదో సూది మీద పెట్టండి. మామూలు సూది మొన అల్లిక పోగును పొడిచి తెంపుతుంది. నాలుగు ఉతుకుల తర్వాత అక్కడ చిల్లులు పడతాయి. బాల్‌పాయింట్ సూది మొన గుండ్రంగా ఉండి పోగుల మధ్య నుంచి జారుతుంది. పల్చటి గుడ్డకు 75/11 సైజు. లైక్రా (రబ్బరులా సాగే పోగు) కలిసిన గుడ్డైతే స్ట్రెచ్ సూది. కుట్టు తప్పగానే దారం బిగువు మార్చే టెన్షన్ స్క్రూ తిప్పేస్తారు చాలామంది. ముందు సూది మార్చి చూడండి.

అపోహ: నాది ఎమ్ సైజు, ప్యాటర్న్‌లోనూ ఎమ్ కోస్తే సరి.

షాపులో ఎమ్‌కీ ప్యాటర్న్ ఎమ్‌కీ చుట్టరికం లేదు. పరుగుకు వేసుకునే స్పోర్ట్స్ బ్రా మీదే టేపు పెట్టి చెస్ట్ రౌండ్ తీసుకుని, ప్యాటర్న్‌తో వచ్చిన పట్టికలో వెతకండి. ఇక్కడే జాకెట్టు బుద్ధి అడ్డొస్తుంది. ఒంటికి పట్టే టాపులో 36 ఇంచుల ఒంటికి కుట్టాక టాపు కొలత 34 అని రాసి ఉండొచ్చు. అది అచ్చు తప్పు కాదు, మిగతా రెండు ఇంచులూ గుడ్డ సాగి ఇస్తుంది. నేను అలవాటు కొద్దీ లూజు కలిపి కోశాను, టాపు కాస్తా సంచి అయింది.

అందుకే గుడ్డ ఎంత సాగుతుందో ముందే చూడాలి. అడ్డంగా మడిచి 10 సెం.మీ. పట్టుకుని లాగండి. బలవంతం చేయకుండా 13 దాకా వస్తే 30 శాతం. ప్యాటర్న్ అడిగినంత సాగకపోతే ఆ గుడ్డ వద్దు. బాగా సాగే వైపు ఒంటి చుట్టూ రావాలి.

అపోహ: ప్యాటర్న్ పీడీఎఫ్ కదా, ప్రింట్ కొట్టించి అతికించుకోవడమే.

జిరాక్స్ షాపులో ఏ4 కాగితంలో పట్టేలా కుదించి ఇచ్చేస్తారు. 100 శాతం అని గట్టిగా చెప్పి, మొదటి పేజీలో సైజు సరిచూసుకోవడానికి ఇచ్చే చదరాన్ని స్కేలుతో కొలవండి. 10 సెం.మీ. ఉండాల్సింది 9.6 వచ్చిందంటే, 90 సెం.మీ. ఛాతీ 86.4కి దిగిపోయినట్టే.

అపోహ: చెమటకు కాటనే మేలు.

ఇంట్లో అవును. పరుగులో కాటన్ చెమట పీల్చుకుని వదలదు, బరువెక్కి ఒరుసుకుంటుంది. పాలియెస్టర్ పోగు నీటిని దాదాపు పీల్చదు, అందుకే త్వరగా ఆరుతుంది. వాసన మాత్రం పట్టుకుంటుంది, అది ఒప్పుకోవాల్సిందే. మా ఊరి ఉక్కపోతలో ఏ గుడ్డా అద్భుతాలు చేయదు. బజార్లో డ్రై-ఫిట్ అన్నారని కొనేయకండి, అది ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. ఇప్పుడు ప్రతి పాలియెస్టర్‌కీ అదే అంటున్నారు. లోపలి వైపు ఓ నీటి చుక్క వేయండి. పాకితే తీసుకోండి, తామరాకు మీద బొట్టులా నిలిస్తే వదిలేయండి.

అపోహ: లోపలి కుట్టు ఎవరికి కనపడుతుంది?

చర్మానికి. ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చని జాకెట్టు లోపల ఇంచు, రెండు ఇంచులు వదులుతాం. టాపులో అదే చంక కింద ఒరిసి పుండవుతుంది. చాలా ప్యాటర్న్‌లు 6 మి.మీ. వదలమంటాయి, అంతే వదలండి. మెడ పట్టీకి క్రాస్ పీస్ (ఐమూలగా కోసిన ముక్క) అక్కర్లేదు. సాగే వైపుకి, మెడ చుట్టుకొలతలో 85 శాతం పొడవు కోయండి: 20 ఇంచుల మెడకు 17, కుట్టు మార్జిన్ అదనం. పట్టీనీ మెడనీ నాలుగేసి భాగాలుగా గుర్తు పెట్టుకుని, పట్టీని మాత్రమే లాగుతూ కుట్టాలి. మెడ గుడ్డ లాగితే అలలు తేలుతుంది.

కింద అంచు మడిచే ముందు కచ్చా కుట్లతో ఓసారి వేసుకుని చూడండి. అద్దం ముందు నిలబడితే ఏమీ తెలియదు. చేతులు పైకెత్తి, నాలుగు గెంతులు గెంతండి. టాపు పైకి పాకుతుంటే పొడవు చాలలేదనుకుంటాం. చాలాసార్లు బిగుతుగా ఉన్నది పిరుదుల దగ్గర.