బస్సు ఆగాక వచ్చే కుదుపు

సిటీ బస్సులో రాడ్ పట్టుకుని నిలబడినప్పుడు ఒకటి గమనించండి, డ్రైవర్ బ్రేక్ వేస్తే ముందుకి తూలతాం సరే, కానీ బస్సు పూర్తిగా ఆగిపోయిన క్షణంలో ఒక్కసారిగా వెనక్కి పడబోతాం. ఆగిపోయాక కుదుపేంటి అసలు? ఇంటర్‌లో డెరివేటివ్, అంటే ఒకటి ఎంత త్వరగా మారుతోందో చెప్పే లెక్క, చేసినదాన్నే మళ్ళీ చెయ్యి, మళ్ళీ చెయ్యి అంటారు కదా, ఎందుకు చేస్తున్నామో తెలీకుండానే పరీక్ష రాసి వచ్చేస్తాం, దానికి జవాబు ఈ కుదుపులోనే ఉంది.

లెక్క చూద్దాం. బస్సు గంటకి 36 కిలోమీటర్ల స్పీడ్‌లో వస్తోందనుకోండి, అంటే సెకనుకి 10 మీటర్లు. డ్రైవర్ బ్రేక్‌ని ఒకేలా నొక్కి పట్టుకుంటే ప్రతి సెకనుకీ స్పీడ్ 2 మీటర్ల చొప్పున తగ్గి 5 సెకన్లలో బస్సు ఆగుతుంది. బస్సు ఉన్న చోటు ఎంత త్వరగా మారుతోందో చెప్పేది వేగం, అది మొదటి డెరివేటివ్. ఆ వేగం ఎంత త్వరగా మారుతోందో చెప్పేది త్వరణం, అది రెండోది, ఇక్కడ మైనస్ 2. ఈ 5 సెకన్లూ త్వరణం మారట్లేదు కాబట్టి మొదట తూలినా తర్వాత ఒళ్ళు సర్దుకుంటుంది, కాళ్ళు బిగించి కాస్త వెనక్కి వాలి నిలబడతాం. బస్సు ఆగగానే ఆ మైనస్ 2 కాస్తా ఉన్నట్టుండి సున్నా అయిపోతుంది, మనమేమో ఇంకా బిగించుకునే ఉంటాం, దాంతో ఆ బిగువే మనల్ని వెనక్కి తోస్తుంది. త్వరణం మారే ఈ రేటే మూడో డెరివేటివ్, ఇంగ్లీషులో దాని పేరే జెర్క్. సెకనులో పదో వంతులో మైనస్ 2 సున్నా అయ్యిందంటే జెర్క్ 20 అన్నమాట. చెయ్యి తిరిగిన డ్రైవర్లు సరిగ్గా ఆగబోయే ముందు బ్రేక్ మీద కాలు కొంచెం వదులు చేస్తారు చూడండి, వాళ్ళు తగ్గిస్తున్నది ఈ మూడో డెరివేటివ్‌నే, నాకు ఆ పనితనం చాలా గొప్పగా అనిపిస్తుంది.

రైలు మలుపులోనూ ఇదే గొడవ. తిన్నగా ఉన్న పట్టాని నేరుగా గుండ్రటి మలుపుకి కలిపేస్తే, 400 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులోకి 72 కిలోమీటర్ల స్పీడ్‌తో వచ్చే రైలుకి పక్కవాటు త్వరణం సున్నా నుంచి ఒక్కసారిగా 1కి ఎగురుతుంది. అందుకే మధ్యలో ట్రాన్సిషన్ కర్వ్ అని పెడతారు, మన రైల్వేల్లో దానికి వాడేది క్యూబిక్ పారాబోలా, అంటే దూరం ఘనంతో పెరిగే వంపు. ఘనమే ఎందుకంటే దాన్ని రెండుసార్లు డెరివేటివ్ చేస్తే మిగిలేది తిన్నని గీత, ఆ రెండో డెరివేటివే మలుపు ఎంత బిగువో చెబుతుంది, అంటే మలుపు బిగువు సున్నా నుంచి మెల్లగా ఒకే లెక్కన పెరుగుతుంది, కూర్చున్నవాళ్ళకి పెద్దగా తెలీదు కూడా.

కదిలే వస్తువులకే అనుకోకండి. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ద్రవ్యోల్బణం పెరిగే రేటు తగ్గుతోంది అన్నాడని చెబుతారు. ధరలు పెరిగే రేటు ద్రవ్యోల్బణం, అది పెరిగే రేటు రెండోది, ఆ రేటు తగ్గడం మూడోది, అంటే ధరలూ పెరుగుతున్నాయి, ద్రవ్యోల్బణమూ పెరుగుతోంది, అయినా మాట వినడానికి శుభవార్తలా ఉంటుంది! అందుకే ఎవరైనా "తగ్గుతోంది" అంటే ఎన్నో డెరివేటివ్ తగ్గుతోందో అడగాలి.

నాలుగోది సివిల్ ఇంజినీర్లకి బాగా తెలుసు. బరువుకి దూలం కొంచెం కిందికి వంగుతుంది కదా, ఆ వంపుని ఒకసారి డెరివేటివ్ చేస్తే వాలు, రెండోసారి చేసి దూలం గట్టిదనంతో గుణిస్తే బెండింగ్ మూమెంట్ (దూలాన్ని అక్కడ వంచే ప్రభావం), మూడోసారికి షియర్ ఫోర్స్ (దూలాన్ని అడ్డంగా కోసే బలం), నాలుగోసారికి ఆ దూలం మీద ఎక్కడ ఎంత బరువు పడుతోందో అదే వచ్చేస్తుంది.