పెళ్లి మండపం మిక్సర్‌లో మాత్రిక

పురోహితుడి మైకు, సన్నాయి, డోలు, ల్యాప్‌టాప్ ఎడమ, కుడి: మిక్సర్‌లోకి వచ్చేవి ఐదు. వెళ్లాల్సినవి నాలుగు: మండపం స్పీకర్లు, భోజనాల హాలు, వీడియో రికార్డింగ్ ఎడమ, కుడి. ఏది ఎక్కడికి ఎంత వెళ్లాలో గడుల్లో రాస్తే నాలుగు అడ్డవరసలు, ఐదు నిలువు వరసల మాత్రిక (అంకెల పట్టిక) తయారవుతుంది. డిజిటల్ మిక్సర్ శబ్దాన్ని సెకనుకు 48,000 సార్లు కొలిచి (ఒక్కో కొలత ఒక శాంపిల్), ప్రతిసారీ ఈ 20 గడులతో గుణించి కూడుతుంది. అంటే 9,60,000 గుణకారాలు. నేటి చిప్‌కు అదొక లెక్కే కాదు.

గడిలో 1 ఉంటే ఉన్నది ఉన్నట్టు, 0.5 ఉంటే 6 డెసిబెల్స్ తగ్గినట్టు, 0.1 ఉంటే 20 తగ్గినట్టు, సున్నా ఉంటే దారి మూసేసినట్టు.

సౌండ్ ఎందుకు పగులుతోందో కూడా పట్టికే చెబుతుంది. ఒక అడ్డవరసలోని అంకెలను ధన, రుణ గుర్తులు వదిలేసి కూడండి. మొత్తం 1 దాటకపోతే ఆ అవుట్‌పుట్ ఎన్నటికీ పగలదు. మండపం వరస 1, 0.7, 0.7, 0.5, 0.5 అయితే మొత్తం 3.4, అన్నీ ఒకే క్షణంలో గరిష్ఠానికి చేరితే పరిమితిని 10 డెసిబెల్స్‌కు పైగా దాటేస్తుంది. అలా జరగడం అరుదు కాబట్టి వరసను పూర్తిగా 1కి కుదించక్కర్లేదు. 6 డెసిబెల్స్ తగ్గించి, చివర లిమిటర్ (శబ్దాన్ని పరిమితి దాటనివ్వని సాధనం) పెడితే చాలు.

రుణ గుర్తుతోనే అసలు తంటా. ల్యాప్‌టాప్ స్టీరియో పిన్నును బ్యాలెన్స్‌డ్ మోనో ఇన్‌పుట్‌లో (రెండు తీగల తేడానే ఒక శబ్దంగా తీసుకునే దాంట్లో) గుచ్చితే, ఆ ఇన్‌పుట్ ఎడమలోంచి కుడిని తీసేస్తుంది. గడుల్లో 1, −1 రాసినట్టే. రెండు వైపులా సమానంగా ఉండే గాయకుడి గొంతు మాయమై, వాయిద్యాలేవో లీలగా మిగులుతాయి. ఇక ఏ ఈక్వలైజర్ తిప్పినా గొంతు తిరిగి రాదు: రెండింటిని ఒకటిగా కుదించిన మాత్రికకు విలోమం, అంటే వెనక్కి తిప్పే మాత్రిక, లేదు.

మొత్తాన్నీ తేడానూ రెండింటినీ దాచుకుంటే మాత్రం వెనక్కి రావచ్చు. మ = (ఎ+కు)/2, తే = (ఎ−కు)/2; కూడితే ఎడమ, తీసేస్తే కుడి. ఎఫ్‌ఎం స్టీరియో ప్రసారం నడిచేది ఈ సూత్రంపైనే, అందుకే మోనో రేడియోకు మొత్తం ఒక్కటే సరిపోతుంది. ప్రోగ్రామ్ రాసేవాళ్లు తరచూ ఇక్కడే జారతారు. మొత్తాన్ని ‘ఎ’ ఉన్న చోటే రాసేసి, ఆ కొత్త విలువతో తేడా తీస్తే (ఎ−కు)/4 వస్తుంది. పాట ఆగదు, పగలదు, స్టీరియో వెడల్పు మాత్రం తగ్గుతుంది. నెలల తరబడి ఎవరూ పట్టుకోలేని తప్పు ఇది. పాత విలువలను ముందే వేరే చోట దాచుకోవాలి.

గడిలో అంకెను ఒక్కసారిగా మార్చినా టిక్కుమంటుంది. 10 మిల్లీసెకన్లలో, అంటే 480 శాంపిళ్లలో, మెల్లగా జరపండి.

ఆలస్యాన్ని మాత్రం ఈ అంకెలు సరిచేయలేవు. వేదిక నుంచి 17 మీటర్ల దూరంలో ఉన్న స్పీకర్ దగ్గరికి వేదిక శబ్దం గాలిలో చేరడానికి దాదాపు 50 మిల్లీసెకన్లు పడుతుంది, తీగలోంచి మాత్రం వెంటనే వచ్చేస్తుంది. అక్కడ కూర్చున్నవారికి ఒకే మంత్రం రెండుసార్లు వినబడుతుంది. ఆ అవుట్‌పుట్‌కు మాత్రిక తర్వాత 2,400 శాంపిళ్ల ఆలస్యం విడిగా కలపాలి.